లక్ష కిలోమీటర్లు దాటిన హైబ్రిడ్ కారు: సర్వీసింగులో ఏది అవసరం, ఏది అనవసరం?

పటాన్‌చెరు నుండి సంగారెడ్డి వరకు సాగిన పారిశ్రామిక వాడలో యంత్రంతో సంబంధం లేని ఇల్లు అరుదు. రామచంద్రాపురంలో భారీ విద్యుత్ పరికరాల కర్మాగారం, ఎద్దుమైలారంలో ఆయుధ కర్మాగారం, జహీరాబాదులో ట్రాక్టర్ల కర్మాగారం, పాశమైలారం, బొల్లారం, జిన్నారం ప్రాంతాలలో మందుల ఫ్యాక్టరీలు నెలకొని ఉన్నవి. ఒక ఇంట తండ్రి ఫిట్టరైతే, పక్క ఇంట కొడుకు ఎలక్ట్రీషియన్. అయినప్పటికీ, ఇంటి ముందు నిలిచిన కారుకు ఏ సేవ చేయించాలి, దేనిని వద్దనాలి అన్న ప్రశ్న వచ్చినప్పుడు మనలో చాలామంది సర్వీసింగు కౌంటరులో ఇచ్చిన కాగితంపై మారు మాట లేకుండా సంతకం చేస్తున్నాము. కారు హైబ్రిడ్ అయితే ఆ సంతకం మరింత భయంతో పడుతున్నది.

ఇది ధనవంతుల ముచ్చట కదా అని కొందరు అనుకోవచ్చు. కాని ఈ దారిలో కారు విలాసం కాదు, బ్రతుకుతెరువు. సంగారెడ్డి నుండి నగరానికి రానుపోను దినానికి 110 కిలోమీటర్లు తిరిగే బండి, ఏడాదికి 300 దినాలు నడిస్తే 33,000 కిలోమీటర్లు పూర్తి చేస్తుంది. మూడేళ్లు నిండేసరికి లక్షకు చేరువవుతుంది. షిఫ్టుల వారిని చేరవేసే బండ్లు ఇంకా ముందే చేరుతాయి. అటువంటి కారును బ్యాంకు అప్పుతోనో, చేతులు మారిన తరువాతనో కొని నడుపుకొనే కుటుంబానికి, అక్కరలేని సేవల బిల్లు అంటే ఒక నెల కిస్తీ. అక్కర ఉన్న సేవను మానివేయడం అంటే కొన్ని నెలల సంపాదన. తెలియక ముట్టుకోరాని చోట ముట్టుకోవడం అంటే ఒక ప్రాణం. ఈ మూడింటి మధ్య దారి ఎట్లా ఏర్పరచుకోవాలో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

హైబ్రిడ్ అనగా నేమి?

రెండెడ్ల బండిని ఊహించుకుంటే హైబ్రిడ్ సూత్రం సులభంగా బోధపడుతుంది. ఒక ఎద్దు పెట్రోలు ఇంజన్. రెండవది విద్యుత్ మోటారు. ఎత్తు ఎక్కేటప్పుడు రెండూ లాగుతాయి. ట్రాఫిక్‌లో నెమ్మదిగా కదిలేటప్పుడు మొదటిది విశ్రాంతి తీసుకుంటుంది. వాలులో దిగేటప్పుడు, బ్రేకు నొక్కినప్పుడు రెండవది చక్రాల వేగాన్నే విద్యుత్తుగా మార్చి బ్యాటరీలో దాచుకుంటుంది. మామూలు కారులో బ్రేకు వేడిగా వృథా అయ్యే శక్తి ఇక్కడ కొంతవరకు మరల చేతికి వస్తుంది. ఈ పద్ధతితో పెద్ద సంఖ్యలో తయారైన మొదటి కారు టొయోటా ప్రియస్. అది 1997 డిసెంబరులో జపానులో అమ్మకానికి వచ్చింది. మన దేశంలో 2008లో హోండా సివిక్ హైబ్రిడ్, 2010లో ప్రియస్ ప్రవేశించినా, ధర కారణంగా అవి కొద్దిమందికే పరిమితమైనవి. 2022లో హోండా సిటీ, టొయోటా హైరైడర్, మారుతి గ్రాండ్ విటారా, ఆ ఏడాది చివర ఇన్నోవా హైక్రాస్ వెలువడిన తరువాతనే హైబ్రిడ్లు మన రహదారిపై తరచుగా కనిపించసాగినవి. వాటిలో తొలినాటివి, ఎక్కువగా తిరిగినవి, ఇప్పటికే లక్ష దాటినవి.

ఇక్కడ ఒక భేదాన్ని గుర్తించాలి. 2015 నుండి సియాజ్, ఎర్టిగా వంటి కార్లపై 'స్మార్ట్ హైబ్రిడ్' అన్న పేరు కనిపించింది. వాటిలో మోటారు ఇంజనుకు బెల్టు ద్వారా చిన్న ఊతం ఇస్తుందే కాని, బండిని తానొక్కటే లాగలేదు. సర్వీసింగు విషయంలో అవి మామూలు కార్లే. ఈ వ్యాసంలో హైబ్రిడ్ అన్న చోటనెల్లా, కొంత దూరమైనా విద్యుత్తుతోనే నడవగల కార్లను ఉద్దేశిస్తున్నాము.

ఇటువంటి కారులో లేనివి ఏవో తెలుసుకుంటే సగం భయం తీరుతుంది. డ్రైవరు తొక్కే క్లచ్ లేదు. మామూలు స్టార్టర్ మోటారు లేదు. బెల్టుతో తిరిగే ఆల్టర్నేటర్ లేదు. టొయోటా హైబ్రిడ్లలో గేరుపెట్టె స్థానంలో సూర్యుని చుట్టూ గ్రహాలు తిరిగినట్లు తిరిగే కొన్ని పళ్ల చక్రాలు, రెండు మోటార్లు మాత్రమే ఉంటాయి. ఎక్కువ దూరం తిరిగిన మామూలు కారు యజమానిని వేధించే ఖర్చులలో కొన్ని ఇక్కడ పుట్టనే పుట్టవు. వాటి బదులు ఇన్వర్టరు, పెద్ద బ్యాటరీ, దాని ఫ్యాను, రెండవ శీతలీకరణ వలయం కొత్తగా చేరుతాయి.

కర్మాగారం నేర్పే పాఠం

మన ప్రాంతపు కర్మాగారాలలో పనిచేసేవారికి సంరక్షణ మూడు విధాలని తెలుసు. చెడిన తరువాత బాగు చేయడం ఒకటి. చెడకముందే గడువు ప్రకారం మార్చడం రెండవది. కొలిచి చూసి, స్థితిని బట్టి నిర్ణయించడం మూడవది. బల్బును మొదటి పద్ధతిలో, యంత్రపు నూనెను రెండవ పద్ధతిలో, పెద్ద బేరింగును దాని కంపనాన్ని కొలుస్తూ మూడవ పద్ధతిలో చూసుకోవడం వారికి నిత్యకృత్యం. కారు విషయానికి వచ్చేసరికి మాత్రం అన్నింటినీ రెండవ పద్ధతిలోకే నెట్టి, ఎంత తరచుగా మారిస్తే అంత మేలని భావిస్తాము.

ఈ భావన తప్పని రెండు ప్రసిద్ధ పరిశోధనలు నిరూపించినవి. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిషు తీరరక్షక విమానదళానికి శాస్త్రజ్ఞుడు సి. హెచ్. వాడింగ్టన్, ఆయన సహచరులు మరమ్మతుల లెక్కలు పరిశీలించారు. క్రమం తప్పక జరిగే తనిఖీ పూర్తయిన వెంటనే విమానాలలో లోపాలు తగ్గవలసింది పోయి పెరుగుతున్నట్లు, ఆపై గంటలు గడిచినకొద్దీ తగ్గుతున్నట్లు వారు గమనించారు. సక్రమంగా ఉన్న భాగాన్ని విప్పి బిగించడమే కొన్ని లోపాలకు కారణమన్నమాట. ఈ వివరాలు 1973లో గ్రంథరూపంలో వెలువడినవి. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందన్న మన సామెతకు ఇంతకంటె శాస్త్రీయమైన నిదర్శనం దొరకదు.

తరువాత 1978లో అమెరికాలోని యునైటెడ్ ఎయిర్‌లైన్స్ సంస్థకు చెందిన నౌలన్, హీప్ అనే ఇంజనీర్లు ఒక నివేదిక సమర్పించారు. తాము పరిశీలించిన విమాన భాగాలలో సుమారు 11 శాతం మాత్రమే వయసుతో అరిగి చెడే స్వభావం కలవని, మిగిలిన 89 శాతం భాగాలకు గడువు పెట్టి మార్చడం వలన ప్రయోజనం లేదని వారు తేల్చారు. కారుకు ఈ శాతాలు యథాతథంగా వర్తించవు. టైరు, బ్రేకు, నూనె, వడపోత వంటివి నిజంగా అరిగేవి, మలినమయ్యేవి. కాని ఇన్వర్టరు, కంప్యూటరు, మోటారు వంటివి గడువును బట్టి చెడేవి కావు. అరిగేదానికి గడువు, అరగనిదానికి పరిశీలన అన్న విభజన కారుకు కూడ సరిపోతుంది.

నాలుగు ప్రశ్నలు

కావున ఏ పని మన ముందుకు వచ్చినా నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. మొదటిది, ఈ భాగం వాడకంతోనో కాలంతోనో తరిగిపోయే స్వభావం కలదా? రెండవది, ఎంత తరిగిందో విప్పకుండా కొలవగలమా? మూడవది, ఇది చెడితే నష్టం దేనికి? ప్రాణానికా, ఖరీదైన మరొక భాగానికా, లేక ఒక పూట ఆలస్యానికా? నాలుగవది, తయారీదారు పుస్తకంలో ఈ పని ఉన్నదా? ఉంటే ఎన్ని కిలోమీటర్లకు, ఎన్ని నెలలకు?

నాలుగవ ప్రశ్నకు జవాబు కారుతో వచ్చిన పుస్తకంలోనే ఉంటుంది. అందులో కిలోమీటర్లు, నెలలు రెండూ ఇచ్చి, ఏది ముందైతే అది అని వ్రాస్తారు. మన దారిలో ఎక్కువగా తిరిగే కారుకు కిలోమీటర్లే ముందు వస్తాయి. ధూళి, ఆగి ఆగి కదిలే ట్రాఫిక్, తీవ్రమైన ఎండ ఉన్నచోట కొన్ని పనులు ఇంకా ముందుగా చేయాలని కూడ పుస్తకాలు చెబుతాయి. ముత్తంగి, ఇస్నాపూర్, రుద్రారంల మీదుగా లారీల వెనుక సాగే ప్రయాణంలో ఈ మూడూ ఉన్నవి. అయితే రహదారిపై నిలకడగా సాగిన లక్ష కిలోమీటర్లు, నగరపు సందులలో తిరిగిన లక్ష కిలోమీటర్లు ఒకటి కావు. మొదటి దానిలో బ్రేకులు, బ్యాటరీ తక్కువ శ్రమపడి ఉంటాయి. అంకె ఒకటే అయినా బండి చరిత్ర వేరు.

మానరాని పనులు

ఇంజన్ ఆయిల్, దాని వడపోత మార్చడం అన్నింటిలో మొదటిది. సాధారణంగా 10,000 కిలోమీటర్లు లేదా ఒక సంవత్సరం గడువు. హైబ్రిడ్‌లో ఇంజన్ కొంతసేపు ఆగి ఉంటుంది కనుక నూనె ఎక్కువ కాలం వస్తుందని కొందరంటారు. ఆగడంతోపాటు మరల మరల మొదలవడం కూడ ఉన్నదని వారు మరచిపోతారు. పుస్తకం చెప్పిన పలుచని నూనెనే పోయాలి. చిక్కనిది పోస్తే ఇంజనుకు బలమన్న నమ్మకం పాత ఇంజన్ల నాటిది.

గాలి వడపోత, క్యాబిన్ వడపోత కళ్లతో చూసి నిర్ణయించవలసినవి. మన దుమ్ములో పుస్తకపు గడువు వరకు ఆగడం తగదు. ప్రతి 10,000 కిలోమీటర్లకు తీసి వెలుతురుకు పట్టి చూడాలి. ఇది ఎవరైనా చేయగల పని.

బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకపు ద్రవం పొడిగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ వద్ద గాని మరగదు. తేమ చేరిన తరువాత ఆ హద్దు 140 డిగ్రీలకు దిగిపోవచ్చు. మరిగిన ద్రవంలో బుడగలు పుట్టి బ్రేకు పెడలు లోనికి పోతుంది. ఈ మార్పు పైకి కనబడదు, నష్టం ప్రాణానికి. అందుచేత సాధారణంగా రెండేళ్లకు ఒకసారి మార్చవలసిందే. హైబ్రిడ్‌లో విద్యుత్ బ్రేకును, ద్రవపు బ్రేకును కలిపి నడిపే ఖరీదైన యంత్రభాగం ఉన్నది కనుక తడిసిన ద్రవాన్ని అందులో ఉంచడం రెండు విధాల చేటు.

బ్రేకు ప్యాడ్లు హైబ్రిడ్‌లో మామూలు కారుకంటె చాలా ఎక్కువ కాలం వస్తాయి. వేగాన్ని తగ్గించే పనిలో అధికభాగం మోటారే చేస్తుంది కదా! కాని ఇక్కడొక విచిత్రం ఉన్నది. వాడకం తగ్గడం చేతనే క్యాలిపర్ జారే కడ్డీలు బిగుసుకుపోతాయి, డిస్కులు తుప్పు పడతాయి. కాబట్టి ఇక్కడ అవసరమైనది ప్యాడ్ల మార్పు కాదు, ఏడాదికొకసారి విప్పి శుభ్రపరచి తగిన గ్రీజు పూయడం. ప్యాడు మందం కొలిచి చెప్పమని అడగడం మన హక్కు.

శీతలకరణ ద్రవం గురించి జాగ్రత్తగా గమనించాలి. హైబ్రిడ్లలో ఇంజనుకు ఒక వలయం, ఇన్వర్టరుకు మరొక వలయం ఉంటాయి. రెండు డబ్బాలు, రెండు గడువులు. ఉదాహరణకు మూడవ తరం ప్రియస్‌కు టొయోటా అమెరికాలో ఇచ్చిన పట్టికలో ఇంజన్ ద్రవం మొదటిసారి సుమారు 1,60,000 కిలోమీటర్లకు, ఇన్వర్టరు ద్రవం సుమారు 2,40,000 కిలోమీటర్లకు, ఆ తరువాత రెండూ 80,000 కిలోమీటర్లకొకసారి మార్చాలని ఉన్నది. మన కారు పుస్తకంలో ఏ అంకె ఉంటే అదే మనకు ప్రమాణం. గడువు ఎంత దూరమైనా నెలకొకసారి రెండు డబ్బాల మట్టం చూడడం మానరాదు. ద్రవం తగ్గితే కుళాయి నీరు పోసి నింపడం చాలా చెడ్డ అలవాటు.

హైబ్రిడ్‌కు ప్రత్యేకమైన చిన్న పని

ఎక్కువగా తిరిగిన హైబ్రిడ్‌కు చేయగల సేవలన్నింటిలో చవకైనది, బిల్లులో అరుదుగా కనిపించేది ఒకటి ఉన్నది. అది పెద్ద బ్యాటరీని చల్లబరిచే ఫ్యాను వడపోతను శుభ్రం చేయడం. చాలా నమూనాలలో ఈ ఫ్యాను కారు లోపలి గాలినే పీల్చుకుంటుంది. ఆ గాలి పోయే జాలీ వెనుక సీటు పక్కన గాని, కింద గాని ఉంటుంది. సీటు నూలు, వెంట్రుకలు, రహదారి ధూళి అక్కడ పేరుకుంటాయి. షిఫ్టు వాహనాలలో కూర్చున్నవారి సంచులు, టిఫిన్ డబ్బాలు ఆ జాలీకే ఆనుకొని ఉంటాయి. గాలి ఆడకపోతే బ్యాటరీ వేడెక్కుతుంది. వేడి బ్యాటరీకి ప్రథమ శత్రువు. మే నెలలో సంగారెడ్డి ఎండలో నిలిచిన కారులో ఇది ఎంత ముఖ్యమో వేరుగా చెప్పనక్కరలేదు. బ్రష్షుతో, వాక్యూముతో పావుగంటలో ముగిసే పని ఇది. లక్షల విలువగల వస్తువుకు ఇది రక్షణ.

రెండవది 12 వోల్టుల చిన్న బ్యాటరీ. హైబ్రిడ్‌లో ఇది ఇంజనును తిప్పదు, కంప్యూటర్లను మేల్కొలుపుతుంది. ఇది బలహీనపడితే డాష్‌బోర్డుపై పది రకాల దీపాలు వెలుగుతాయి, 'రెడీ' దీపం మాత్రం వెలుగదు. యజమాని పెద్ద బ్యాటరీ పోయిందని గుండె చేత పట్టుకుంటాడు. కొన్ని వేలతో తీరే కష్టాన్ని లక్షల కష్టమని భ్రమించేది ఇక్కడే. మూడేళ్లు దాటిన చిన్న బ్యాటరీని ఏటేటా పరీక్ష చేయించడం, తగ్గినట్లు తేలితే మార్చడం వివేకం.

పుస్తకంలో లేకున్నా ఆలోచించదగినవి

పుస్తకమే సర్వస్వం కాదు. దానిని వ్రాసినవారు కొత్త కారును కొన్నవాని ఖర్చు తక్కువగా కనిపించాలని కూడ చూస్తారు. రెండు లక్షల కిలోమీటర్ల తరువాత ఆ బండిని నడిపేవాడు వారి లెక్కలో చివరివాడు. కనుక కొన్ని పనులను అనుభవం నేర్పుతుంది.

గేరుపెట్టె నూనెను కొన్ని పుస్తకాలు పరిశీలిస్తే చాలునంటాయి. హైబ్రిడ్ గేరుపెట్టెలో రాపిడి పలకలు దాదాపు లేవు కాబట్టి ఈ మాటలో నిజం ఉన్నది. అయినా ఆ నూనె మోటార్ల వేడిని మోస్తుంది, పళ్ల చక్రాల నుండి రాలే లోహపు పొడి అందులోనే చేరుతుంది. లక్ష దాటిన తరువాత ఒకసారి, తయారీదారు చెప్పిన నూనెతోనే, వదిలి నింపించడం అనుభవజ్ఞులైన మెకానిక్‌లు ఇచ్చే సలహా. యంత్రం పెట్టి ఒత్తిడితో కడిగించే పని మాత్రం అక్కరలేదు.

మరొకటి, పొగలో కొంత భాగాన్ని చల్లార్చి మరల ఇంజనులోకి పంపే మార్గం. మూడవ తరం ప్రియస్ ఇంజన్లు ఎక్కువ దూరం తిరిగినప్పుడు ఆ మార్గంలో మసి పేరుకొని, తుదకు హెడ్ గ్యాస్కెట్ చెడడం పలు దేశాల మెకానిక్‌లు చూసినారు. పుస్తకంలో లేకపోయినా, అటువంటి పాత ఇంజనుకు ఆ మార్గం శుభ్రపరచడం సార్థకమైన ఖర్చు. మన దేశంలో కొత్తగా వచ్చిన నమూనాలకు ఇదే నియమమని ఇప్పుడే అనలేము. చల్లటి ఉదయాన ఇంజన్ మొదలైనప్పుడు వణుకు, శీతలకరణ ద్రవం కారణం లేకుండా తగ్గడం వంటి సూచనలు కనిపిస్తే చూపించాలి.

ఒక బిల్లును పరిశీలిద్దాం

నాలుగేళ్ల వయసు, 1,20,000 కిలోమీటర్లు తిరిగిన ఒక హైబ్రిడ్‌ను ఊహించుకుందాం. సర్వీసింగు కౌంటరులో అంచనా పత్రం ఇచ్చారనుకుందాం.

ఇంజన్ ఆయిల్, వడపోత అని మొదటి వరుస. గడువు వచ్చింది, సరే. ఇంజన్ ఫ్లష్ అని రెండవ వరుస. ప్రతిసారి వేళకు నూనె మారిస్తే కడగవలసిన మడ్డి ఉండదు. వద్దు. ఇంజెక్టర్ల శుభ్రత, కార్బన్ తొలగింపు అని మూడవది. ఇంజన్ తడబడుతున్నదా? లేదు. అయితే వద్దు. స్పార్కు ప్లగ్గులు నాలుగవది. ఇరిడియం ప్లగ్గులు లక్ష, అంతకు మించి కూడ వస్తాయి. పుస్తకంలో లక్ష అని ఉంటే ఇప్పుడు మార్చాలి, అంతకంటె ఎక్కువ ఉంటే ఆగాలి. బ్రేకు ద్రవం చివర ఎప్పుడు మార్చారు? రెండేళ్లు దాటితే సరే. బ్రేకు ప్యాడ్ల మార్పు అని వ్రాశారు. మందం కొలవమందాం. సగానికి పైగా ఉంటే శుభ్రత చాలు.

చక్రాల అలైన్‌మెంటు ప్రతిసారి బిల్లులో ఉంటుంది. టైరు ఒక అంచున అరుగుతున్నదా, స్టీరింగ్ ఒక పక్కకు లాగుతున్నదా అని చూద్దాం. రెండూ లేకుంటే టైర్ల స్థానాలు మార్చి గాలి సరిచూస్తే చాలును. ఏసీ గ్యాసు నింపడం తరువాతి వరుస. ఏసీ గ్యాసు పెట్రోలువలె ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నదని అర్థం. కారే చోటు వెదకకుండా నింపడం చిల్లు కుండలో నీరు పోయడమే. టైమింగ్ బెల్టు అని ఎవరైనా వ్రాస్తే నవ్వుకోవచ్చు, టొయోటా హైబ్రిడ్ ఇంజన్లలో ఉండేది చైను. సీట్లకు పూత, అడుగున పూత, సువాసన పొగ మొదలైనవి యజమాని ముచ్చటే కాని కారు అవసరం కావు.

ఇక ఆ పత్రంలో లేని మూడింటిని మనమే వ్రాయించాలి. బ్యాటరీ ఫ్యాను వడపోత శుభ్రత, చిన్న బ్యాటరీ పరీక్ష, రెండు శీతలకరణ డబ్బాల మట్టం. ఈ విధంగా చూస్తే కొట్టివేసినవానితో ఆదా అయిన సొమ్ములో కొద్ది భాగంతోనే చేర్చిన పనులు పూర్తవుతాయి. గోటితో పోయేదానికి గొడ్డలి అక్కరలేదు. గొడ్డలి అవసరమైన చోట గోటితో గీకడమూ తగదు.

పెద్ద బ్యాటరీ భయం

పెద్ద బ్యాటరీకి గడువు ప్రకారం చేసే సేవ అంటూ ఏదీ లేదు. దానిని చల్లగా ఉంచాలి, పరిశీలించాలి. అంతే. ప్రియస్ రెండవ, మూడవ తరాలలో 28 నికెల్-మెటల్ హైడ్రైడ్ మాడ్యూళ్లు వరుసగా కలిసి 201.6 వోల్టులు ఇస్తాయి. ఇన్నోవా హైక్రాస్‌లో కూడ నికెల్-మెటల్ హైడ్రైడ్ రకమే. హైరైడర్, గ్రాండ్ విటారా, హోండా సిటీలలో లిథియం-అయాన్ రకం. తగిన స్కానరుతో బండి నడుస్తుండగా భాగాల వోల్టేజీలను పోల్చి చూస్తే, బరువు పడ్డప్పుడు ఏదైనా ఒకటి మిగిలినవానికంటె పదే పదే దిగజారుతున్నదా అన్నది తెలుస్తుంది. మైలేజీ తగ్గడం ఒక్కటే బ్యాటరీ చెడినదనడానికి సాక్ష్యం కాదు. టైర్లలో గాలి, వేసవిలో ఏసీ, కొత్తగా వేసిన టైర్ల రకం కూడ మైలేజీని తగ్గిస్తాయి.

చెడిన మాడ్యూలు ఒక్కటి మార్చి తక్కువ ధరకు బాగు చేస్తామనేవారు ఉన్నారు. పాతవానిలో కొత్తది ఇమడదు. కొన్ని నెలలకు దాని పక్కది, ఆపై మరొకటి చెడుతుంది. అది తాత్కాలిక ఉపశమనమని తెలిసి చేయించుకుంటే సరే, తెలియక చేయించుకుంటే మోసపోయినట్లే. అన్నింటికంటె ముందు వారంటీ కాగితం చూడాలి. హైబ్రిడ్ బ్యాటరీకి టొయోటా, హోండా మన దేశంలో 8 సంవత్సరాలు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ప్రకటించినవి. లక్ష దాటిన కారు ఆ హద్దుకు చేరువలో ఉన్నదన్న మాట. 1,50,000 దగ్గర ఒకసారి బ్యాటరీ పరీక్ష చేయించి, ఫలితాన్ని కాగితంపై తీసుకొని దాచుకోవడం, ఈ వ్యాసంలోని సలహాలన్నింటిలో ఎక్కువ విలువగలది కావచ్చు.

నారింజ రంగు తీగ

ఇంతవరకు చెప్పినది ధనానికి సంబంధించినది. ఇది ప్రాణానికి సంబంధించినది. హైబ్రిడ్‌లో అధిక వోల్టేజీ తీగలకు నారింజ రంగు తొడుగు ఉంటుంది. బ్యాటరీలోని 200 వోల్టులను ఇన్వర్టరు పెంచుతుంది. మూడవ తరం ప్రియస్‌లో అది 650 వోల్టుల వరకు పోతుంది. కారు ఆపినా ఇన్వర్టరులోని కెపాసిటర్లలో విద్యుత్తు కొంతసేపు నిలిచి ఉంటుంది. అందుచేత శిక్షణ పొందినవారు సైతం సర్వీసు ప్లగ్గు తీసిన తరువాత కనీసం 10 నిమిషాలు ఆగి, 1,000 వోల్టులకు తగిన రబ్బరు తొడుగులు ధరించి, మీటరుతో సున్నా చూసి మరీ ముట్టుకుంటారు.

మన వాడలో ఉస్తాద్-షాగిర్ద్ పరంపర గొప్పది. శబ్దం విని ఇంజన్ రోగం చెప్పగల ఉస్తాద్‌లు పటాన్‌చెరులోనూ, సంగారెడ్డిలోనూ ఉన్నారు. వారి చేతిలో విద్య ఉన్నది. కాని శబ్దం చేయని ఈ విద్యుత్తు ముందు పాత విద్య ఒక్కటే చాలదు. 'నీమ్ హకీమ్ ఖతరా-ఎ-జాన్' అని ఉర్దూ సామెత. సగం తెలిసిన వైద్యుడు ప్రాణానికి ముప్పు. ఇక్కడ ఆ ముప్పు రోగికే కాదు, హకీముకు కూడ.

ఏసీ పని దీనికి మంచి ఉదాహరణ. హైబ్రిడ్‌లో ఏసీ కంప్రెసరును బెల్టు కాక అధిక వోల్టేజీ మోటారే తిప్పుతుంది. దానిలో వాడే నూనె విద్యుత్తును ప్రవహింపనీయని ప్రత్యేక రకం. మామూలు కార్లకు వాడే నూనె అదే గొట్టాలతో కొద్దిగా చేరినా ఇన్సులేషన్ దెబ్బతిని, కారు తనంతట తాను విద్యుత్ లోపం ప్రకటించి నిలిచిపోవచ్చు. రోజూ పది కార్లకు గ్యాసు నింపే యంత్రాన్నే హైబ్రిడ్‌కు తగిలించడం ఎంత నష్టమో ఆలోచించండి. ఏసీ, ఇన్వర్టరు, పెద్ద బ్యాటరీ, ఈ మూడింటిని శిక్షణ, పరికరాలు ఉన్నచోటనే చేయించాలి. నూనె, వడపోతలు, బ్రేకుల శుభ్రత, టైర్లు, చిన్న బ్యాటరీ, ఇవి నమ్మకమైన మన ఉస్తాద్ చేతనే చక్కగా, తక్కువ ఖర్చుతో జరుగుతాయి. అయితే వారంటీ మిగిలి ఉన్న కారుకు దాని షరతులు ముందుగా చదువుకోవాలి.

ముగింపు

ప్రతి కారుకు ఒక చిన్న నోటు పుస్తకం పెట్టవలసిందిగా పాఠకులను కోరుతున్నాము. తేదీ, కిలోమీటర్లు, చేయించిన పని, వాడిన నూనె పేరు, బిల్లు సంఖ్య, ఈ అయిదు వరుసలు చాలును. బ్రేకు ద్రవం ఎప్పుడు మార్చామన్న ప్రశ్నకు జ్ఞాపకం సమాధానం ఇవ్వదు, నోటు పుస్తకం ఇస్తుంది. చేతులు మారిన కారు కొనేవారు మీటరులోని అంకెకంటె ముందు ఇటువంటి చరిత్రను అడగాలి. చరిత్ర లేని 60,000 కిలోమీటర్ల కారుకంటె, చరిత్ర ఉన్న 1,20,000 కిలోమీటర్ల కారు నమ్మదగినది.

అవసరానికి మించి వ్యయం చేయడాన్ని మన ధర్మం 'ఇస్రాఫ్' అని నిషేధించింది. చేతికి అప్పగించిన వస్తువును కాపాడడాన్ని 'అమానత్' అన్నది. కారు సర్వీసింగులో ఈ రెండు మాటలూ ఒకేసారి వర్తిస్తాయి. యజమానికి మొదటిది, మెకానిక్‌కు రెండవది ముఖ్యం. అక్కరలేని పనిని అక్కరలేదని చెప్పిన మెకానిక్‌కు ఆ దినం కొంత ఆదాయం తగ్గవచ్చు. కాని ఆ యజమాని మరల వచ్చేది ఆయన వద్దకే.

మా విద్యార్థులలో భౌతికశాస్త్రం చదివేవారు, సెలవులలో అన్నల గ్యారేజీలలో పానాలు అందించేవారు ఉన్నారు. తరగతిలో నేర్చిన కెపాసిటరు, గ్యారేజీలోని ఇన్వర్టరు ఒకటేనని వారు గుర్తిస్తే, ఈ వాడలో రానున్న సంవత్సరాలలో వారికి పని కొరత ఉండదు. శిక్షణ పొంది, రబ్బరు తొడుగులు, సరియైన మీటరు సమకూర్చుకొని, తమ ఉస్తాద్‌లకు కూడ ఈ కొత్త విద్యను వినయంతో వివరించవలసిందిగా వారిని కోరుతున్నాము. అంతవరకు, నారింజ రంగు తీగ కనిపించిన చోట చేయి వెనుకకు తీసుకోవడమే అందరికీ క్షేమం.